నీళ్ళలోకి చూసే కళ్ళజోడు కోసం పుదుచ్చేరిలో ఐదు రోజులు

నా భార్య హైమ చివరి రోజు బుధవారం. ఉదయం ఆరింటికి లేచింది. సగం ఇడ్లీ తిని మిగతా సగం నన్ను తినమంది. పది గంటలకు నర్సు వచ్చి బీపీ చూసి వెళ్ళింది. పదకొండు గంటలకు నేను మంచం పక్కన కూర్చుని పేపరు చదువుతుంటే, గోడకు ఆనించిన గాలపు కర్రల వైపు చూసి, "వాటికి బూజు పట్టింది" అంది. "ఒక్కణ్ణే వెళ్ళి ఏం చేస్తాను? బెండు కనిపించదు కదా" అన్నాను. "కళ్ళజోడు చేయించుకోండి. నీళ్ళ మీద మెరుపు తీసేసే అద్దాలు ఉంటాయట. మీ పవర్‌తోనే చేస్తారట. ఫోన్‌లో చూశాను" అంది. సరే అన్నాను. మధ్యాహ్నం కొంచెం మజ్జిగ తాగింది. మూడున్నరకు నిద్రొస్తోందని పడుకుంది. నాలుగుంపావుకు నేను టీ పెట్టుకుని వచ్చేసరికి లేదు. ఇది జరిగి ఎనిమిది నెలలైంది. సరే అన్నాను కాబట్టి ఈ ప్రయాణం.

మాది యానాం, పుదుచ్చేరి ప్రభుత్వం కింద ఉన్న ఊరు. ఆమె ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు. నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. పన్నెండేళ్ళుగా ఆదివారాలు గోదావరి పాయల దగ్గర గాలం వేసేవాళ్ళం. కర్ర పట్టుకునేది నేను, నీటి మీద తేలే బెండును చూసేది ఆమె. నాకు రెండు కళ్ళకూ మైనస్ నాలుగు, ఆపైన. మామూలు చలవ కళ్ళద్దాలు పెట్టుకుంటే పవర్ ఉండదు, ఏమీ కనిపించదు. పవర్ అద్దాలు పెట్టుకుంటే ఎండకు నీరంతా తగరపు రేకులా మెరుస్తుంది, బెండు అందులో మాయమవుతుంది. చూపు తేటగా ఉన్న హైమ పక్కన కూర్చుని, ఒళ్ళో జవాబు పత్రాలు దిద్దుకుంటూ, మధ్యలో ఒకసారి కళ్ళెత్తి "మునిగింది, లాగండి" అనేది. లాగేవాణ్ణి. మా ఇంట్లో వండిన ప్రతి గాలపు చేపా అలా వచ్చిందే. అందుకే బయలుదేరే ముందు ఒక మాట అనుకున్నాను. కళ్ళజోడు కుదిరితే మళ్ళీ గాలం వేస్తాను. కుదరకపోతే కర్రలూ రీళ్ళూ అక్కడే ఎవరికైనా ఇచ్చేసి వస్తాను.

పుదుచ్చేరే ఎందుకంటే రెండు కారణాలు. హైమ పెన్షన్ కాగితాల్లో ఒక సంతకం అక్కడి ఆఫీసులో పెట్టాలి. రెండోది, ఆమె ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడల్లా నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. ఊరికి దక్షిణాన, హార్బర్ వైపు, ఏరు సముద్రంలో కలిసే చోట ఒక రాళ్ళకట్ట ఉంది. సాయంత్రాలు అక్కడ కూర్చునేవాళ్ళం. యానాం నుంచి కాకినాడకు బస్సులో గంట. అక్కడ రాత్రి రైలెక్కితే తెల్లవారి చెన్నై. చెన్నై నుంచి సముద్రం పక్క రోడ్డు మీదుగా వెళ్ళే బస్సెక్కండి, దాదాపు నాలుగు గంటలు, టిక్కెట్టు రెండు వందల లోపు. ఎడమ వైపు కిటికీ దొరికితే దారిలో ఉప్పు మళ్ళూ బ్యాక్‌వాటర్లూ కనిపిస్తాయి. గాలపు కర్ర మడిచేది అయితే రైల్లో బెర్తు కింద పడుతుంది. కొక్కేలను మాత్రం మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. నేను సోమవారం మధ్యాహ్నం దిగాను. వైట్ టౌన్‌లో మేడ మీద గది, రోజుకు పద్దెనిమిది వందలు. సంతకం పని మరునాడు పదకొండు గంటలకల్లా అయిపోయింది.

ఆఫీసు నుంచి నేరుగా కళ్ళజోళ్ళ వేటలో పడ్డాను. వైట్ టౌన్‌లో పర్యాటకులు కొనే దుకాణాల్లో అందమైన పోలరైజ్డ్ అద్దాలు, అంటే హైమ చెప్పిన మెరుపు తీసేసేవి, ఉన్నాయి. ఒక్కదానిలో కూడా పవర్ లేదు. ఒక సేల్స్‌మన్ నా కళ్ళద్దాల మీదనే తగిలించుకునే పెద్ద జోడు ఇచ్చాడు. పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. వెల్డింగ్ పనివాడిలా ఉన్నాను. అదీ పరవాలేదు కానీ లోపల ఆవిరి పట్టి రెండు నిమిషాల్లో మసకేసింది. పవర్‌తో కావాలంటే ముత్తియాల్‌పేట వెళ్ళమని అతనే చెప్పాడు. ఆటోకు వంద రూపాయలు. సందులో, సైకిల్ రిపేరు షాపుకూ పిండిమరకూ మధ్యన చిన్న కళ్ళజోళ్ళ దుకాణం. లోపల యాభై ఏళ్ళ ఆవిడ ఫ్రేముకు స్క్రూ బిగిస్తూ కూర్చుని ఉంది. పేరు ఆర్. కస్తూరి. దుకాణం ఆమె తండ్రి పెట్టిందట.

నేను తమిళంలో తడబడుతూ మొదలుపెట్టాను. ఆమె ఒక నిమిషం ఓపిగ్గా విని, "తెలుగులోనే చెప్పండి సార్. మా ఇంట్లో అదే" అంది. వాళ్ళ కుటుంబం ఎన్ని తరాల కింద వచ్చిందో ఆమెకే తెలియదు. నేను జేబులోంచి చీటీ తీసి ఇచ్చాను. ఆమె దాన్ని తిరగేసి, మళ్ళీ తిరగేసి, నాకే ఇచ్చేసింది.

"మాట్లాడేది వస్తాది సార్, చదివేది రాదు. మా నాయన చదివేటోరు. మీరే చెప్పండి."

ఆ చీటీ రెండు నెలల కింద నా కళ్ళజోడు డబ్బాలో, తుడిచే గుడ్డ కింద దొరికింది. హైమ రాసిపెట్టింది. చదివాను. కుడి, మైనస్ నాలుగు, సిలిండర్ ఒకటిన్నర. ఎడమ, మైనస్ నాలుగున్నర, సిలిండర్ లేదు. కింద ఇంకో వాక్యం ఉంది. మరీ నల్లవి వద్దు, గోధుమ రంగు అడగండి.

"ఎవరు రాసినారో గానీ తెలిసి రాసినారు" అంది కస్తూరి. "మా ఇంటావిడ" అన్నాను. ఆమె నా మొహం చూసి, కుర్చీ లాగి కూర్చోబెట్టింది. చీటీని నమ్మకుండా మళ్ళీ కళ్ళు పరీక్ష చేసింది. అన్నీ సరిపోయాయి.

చేపల కోసం ఇలాంటి కళ్ళజోడు చేయించుకునేవారికి ఆమె చెప్పింది ఉపయోగపడుతుంది, అందుకే రాస్తున్నాను. నేను మొదట అడిగిన ప్రశ్న, అన్నిటికంటే నల్లది ఏది అని. ఆమె నవ్వింది. "నలుపు వేరే, ఇది వేరే సార్. నలుపంటే లైటు తగ్గించేదే. నీళ్ళ మీద తళతళ అట్లనే ఉంటాది, కొంచెం మసకగా ఉంటాది, అంతే. దీంట్లో ఒక పొర ఉండాది. కిటికీ కమ్మీల మాదిరి అనుకోండి. నీళ్ళ మీద నుంచి వచ్చే వెలుతురు అడ్డంగా పండుకోని వస్తాది. నిలువు కమ్మీల్లో దూరలేదు. ఆడనే నిలిచిపోతాది." నమ్మకం కుదరక ఆమె మొహం వైపు చూశాను. ఒక అద్దం నా చేతిలో పెట్టి వీధిలోకి తీసుకెళ్ళింది. ఎదురుగా ఆగిన ఆటో ముందద్దం మీద ఆకాశం మెరుస్తోంది. అద్దం కంటికి అడ్డం పెట్టగానే మెరుపు పోయి, లోపల నిద్రపోతున్న డ్రైవరు కనిపించాడు. అద్దాన్ని పక్కకు తిప్పితే డ్రైవరు పోయి ఆకాశం వచ్చింది.

రంగు గురించి కూడా చీటీలో ఉన్నదే చెప్పింది. నడిసముద్రంలో పడవ మీద వెళ్ళేవారికి బూడిద రంగు మంచిదట. ఏరు, ఉప్పుటేరు, లోతు తక్కువ ఉన్న మట్టి నీళ్ళకు గోధుమ రంగు. తెల్లవారుజామున మరీ నల్ల అద్దం పెట్టుకుంటే బెండే కాదు, కాలు పెట్టే రాయి కూడా కనిపించదు. ఫ్రేము విషయంలో నేను క్రికెట్ ఆటగాళ్ళు పెట్టుకునే వంపు ఫ్రేము అడిగాను. నా పవర్‌కు అది వద్దంది. వంపు ఎక్కువైతే అంచుల్లో నేల ఏటవాలుగా కనిపిస్తుందట, రాళ్ళ మీద నడిచేవాడికి అది ప్రమాదం. దాని బదులు పక్క కాడలు వెడల్పుగా ఉన్న ఫ్రేము ఇచ్చింది. పక్కనుంచి వచ్చే ఎండను ఆ కాడలే ఆపుతాయి. బైఫోకల్ కావాలేమో అనుకున్నాను. "కొక్కి కట్టేటప్పుడు ఏం చేస్తారు?" అని అడిగింది. కళ్ళజోడు తీసేసి, కొక్కేన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని కడతానని చెప్పాను. "అయితే బైఫోకల్ ఎందుకు? కింద సగంలో చదివే పవర్ పెడితే కాళ్ళ దగ్గర నీళ్ళు మసక. మెళ్ళో దారం వేసుకోండి, తీసేసినా ఈడనే ఏలాడతా ఉంటాది." ఫ్రేము, అద్దాలు, దారం కలిపి ఆరు వేల రెండు వందలు. అద్దాలు తట్టాంచావడిలోని చిన్న వర్క్‌షాపులో నూరాలి కాబట్టి గురువారం ఇస్తానంది. అంతవరకూ పెట్టుకోమని, నా కళ్ళద్దాలకు క్లిప్పులా తగిలించే పోలరైజ్డ్ రేకు ఒకటి చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రమే, నాలుగు గంటలకు, రాళ్ళకట్ట మీదకు వెళ్ళాను. ఊళ్ళోంచి ఆటోకు నూట ఇరవై. తిరిగి రావడానికి ఆటోలు తక్కువ, ముందే మాట్లాడుకోండి. పడమటి వైపు, ఏటికి ఎదురుగా కూర్చుని, కొక్కేనికి బతికున్న రొయ్య గుచ్చి బెండు వేశాను. క్లిప్పుతో మెరుపు సగం తగ్గింది, నిజమే. కానీ రెండు అద్దాల మధ్య వెనకనుంచి వెలుతురు దూరి నా కన్నే నాకు కనిపిస్తోంది. ఎర గుచ్చడానికి వంగితే క్లిప్పు పైకి లేస్తుంది, గాలికి ఊగుతుంది. ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను, పైకే.

"తెలుగోళ్ళా సార్? యాడనుంచి?" పక్క రాయి మీద నుంచి గొంతు. డెబ్బై ఏళ్ళ మనిషి. ప్లాస్టిక్ సీసాకు చుట్టిన గాలపు తాడు తప్ప చేతిలో ఇంకేమీ లేదు. యానాం అని చెప్పాను.

"యానామా! మన గవర్నమెంటే. ఆడ గోదారి ఎండిపాయనా, ఈడదాకా మీను పట్టను వచ్చినారు?" నవ్వి, నా మొహంకేసి పరిశీలనగా చూశాడు. "అదేంది, కన్నాడికి కూడా చొక్కా ఏసినారే" అంటూ నా కళ్ళద్దాల మీది క్లిప్పు చూపించాడు.

ఆయన పేరు ఎతిరాజులు. అరియాంకుప్పం అవతల పొలం ఉంది. రోజూ సాయంత్రం నీళ్ళు పెట్టడం అయిపోగానే ఇక్కడికి వస్తాడు. మేం పండుగప్ప అనే చేపను ఆయన కొడువా అన్నాడు. "ఒంటిగానే వచ్చినారా?" అని అడిగాడు. "ఈసారి ఒక్కణ్ణే" అన్నాను. ఆయన తల ఊపి తాడు వైపు తిరిగాడు. కాసేపటికి నా బెండు వైపు చూసి, "సార్, మునిగె!" అని అరిచాడు. లాగాను. అరచేయంత పండుగప్ప పిల్ల వచ్చింది. మళ్ళీ నీళ్ళలో వదిలేశాను. "వదిలేస్తిరా! చూసింది నేను, మీను తలకాయ నాది అనుకుంటి" అన్నాడు. ఏమిటి లెక్క అని అడిగాను. ఈ తీరంలో ఒడ్డు నుంచి పెద్ద వల లాగేవాళ్ళలో ఒకడు వల ముట్టుకోడట. దిబ్బ మీద నిలబడి నీళ్ళ రంగు చూస్తాడట, మంద ఎటు కదిలితే అటు గుడ్డ ఊపుతాడట. "వాడికీ అందరితో సమానంగా పంగు, అదే వాటా, ఉండాది సార్. లాగేటోడికి చెయ్యి, చూసేటోడికి కన్ను. కన్ను లేకపోతే చెయ్యి ఏం చేస్తాది?"

మా ఇంట్లో చేప తల ఎప్పుడూ హైమ పళ్ళెంలోనే పడేది. ఆమెకు ఇష్టం అనుకునేవాణ్ణి. అడగలేదు.

బుధవారం ఊరికే తిరిగాను. పొద్దున సముద్రం ఒడ్డున నడక, మధ్యాహ్నం మెస్సులో అన్నం, వంజరం వేపుడు. వడ్డించే ఆవిడ రెండో ముక్క అడగకుండానే వేసి, "ఒకరే తింటే కూర మిగలకూడదు" అంది తమిళంలో. మెస్సుల్లో భోజనం నూట యాభై లోపే అవుతుంది. ఒంటి గంట దాటితే చేప మిగలదు.

గురువారం రెండు గంటలకు కళ్ళజోడు వచ్చింది. కస్తూరి దుకాణంలో గోడ మీది అక్షరాలు రెండు కళ్ళతోనూ చదివాను. పవర్ బాగా కుదిరింది. ఆనందంగా డబ్బులిచ్చి, క్లిప్పు తిరిగి ఇచ్చేసి, నేరుగా రాళ్ళకట్టకు వెళ్ళాను. బెండు వేశాను. మెరుపు పోలేదు. పూర్తిగా ఉందనీ చెప్పలేను. నీటి మీద ఏదో పట్టు గుడ్డ కప్పినట్టు వణుకుతోంది. కళ్ళు చిట్లించాను, తుడిచాను, మళ్ళీ పెట్టుకున్నాను. పావుగంటలో కణతలు నొప్పెట్టాయి. ఆరు వేలు పోతే పోయాయి. కర్రలు ఎవరికివ్వాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఎతిరాజులుకు ఇస్తే పుచ్చుకుంటాడా అని కూడా.

ఆయన అప్పుడే వచ్చి కూర్చున్నాడు. నన్ను కాసేపు చూసి, "ఏంది సార్, కాకి మాదిరి తల వంచుకోని ఒంటి కన్నుతో చూస్తా ఉండారు?" అన్నాడు.

అప్పటిదాకా నేను గమనించలేదు. తలను పక్కకు వాల్చి ఉన్నాను. తల తిన్నగా పెట్టి, కుడి కన్ను మూశాను. ఎడమ కంటికి నీళ్ళు తేటగా ఉన్నాయి. రెండడుగుల లోతులో రాయి, రాతికి పట్టిన పాచి, పాచి దగ్గర కదులుతున్న చిన్న చేపలు కనిపించాయి. ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరిచాను. తగరపు రేకు. తల ఒక పక్కకు బాగా వాల్చాను. ఈసారి కుడి కంటికి పాచి కనిపించింది. అర్థమైంది. కుడి అద్దంలో పవర్ సరైన చోటే ఉంది, పోలరైజ్డ్ పొర మాత్రం పక్కకు తిరిగి ఉంది. కమ్మీలు ఏటవాలుగా ఉన్న కిటికీ.

ఎలాగూ వచ్చాను కదా అని కుడి కన్ను మూసుకుని కూర్చున్నాను. ఐదుంపావుకు బెండు కదిలింది. దాని కింద ముదురు రంగు నీడ ఒకటి వచ్చి ఆగింది. పన్నెండేళ్ళలో మొదటిసారి చేపను నీళ్ళలో ఉండగా చూశాను. బెండు రెండుసార్లు తల ఊపింది. మునిగింది. మునగడం నా కంటితో నేను చూశాను. చేతిలో కర్ర ఉంది. లాగలేదు.

"సార్! మునిగె కదా! ఎవరికోసరం కాచుకోనుండారు?"

అప్పుడు లాగాను. కొక్కెం ఖాళీగా వచ్చింది, రొయ్య తోక మిగిలింది. ఎతిరాజులు నా వైపు చూశాడు. "చూస్తానే ఉంటిరి గదా" అన్నాడు, తిట్టినట్టు కాకుండా. చూశానని ఒప్పుకున్నాను. "మా ఆవిడ చెప్పేది. చెబితే లాగడం అలవాటు" అన్నాను. ఆయన తాడు మెల్లగా చుట్టి, ఎర మార్చి, మళ్ళీ విసిరాడు. తర్వాత, "మా ఇంట్లోది పోయి ఆరేండ్లాయ. ఇప్పుటికీ అదే వచ్చి గొళ్ళెం తీస్తాదని తలుపు ముందు నిలబడతా. కొంచెంసేపు. ఆనెంక నేనే తీసుకుంటా" అన్నాడు.

ఆ సాయంత్రం ఆరున్నరకు మళ్ళీ కస్తూరి దుకాణం. చెప్పింది విని, ఆమె కళ్ళజోడును కంప్యూటర్ తెర ముందు పట్టుకుని మెల్లగా తిప్పింది. ఎడమ అద్దం ఒక చోట నల్లబడింది. కుడిది అక్కడ తెల్లగానే ఉండి, ఇంకా కొంచెం తిప్పాక నల్లబడింది. రెండూ ఒకేసారి నల్లబడాలి. ఆమె ఫోన్ తీసి వర్క్‌షాపులో ఉన్న తన చిన్నాన్న కొడుకు శేఖర్‌కు చేసింది. స్పీకర్ పెట్టింది.

"ఏమప్పా శేఖరా, సార్ కుడి కన్ను ఏం చేసినావు?"

"ఏమాయక్కా? పవర్ కరెక్టే గదా!"

"పవర్ కరెక్టే. నీళ్ళే కరెక్టు లేదంట. చేపలొచ్చి నీకు కంప్లైంట్ ఇయ్యాల్నా? అంచు గీతలు చూసినావా?"

అటువైపు యంత్రం ఆపిన చప్పుడైంది. తర్వాత, "రేపు పొద్దున సార్‌ను పిల్చుకోని రాక్కా" అని వినిపించింది.

శుక్రవారం తొమ్మిదిన్నరకు ఇద్దరం ఆటోలో తట్టాంచావడి వెళ్ళాం. చిన్న ఫ్యాక్టరీల మధ్య రేకుల షెడ్డు, లోపల నాలుగు యంత్రాలు, అన్నిటి మీదా తెల్లటి నీళ్ళ తుంపర. ముప్పై ఏళ్ళ శేఖర్ నన్ను చూడగానే స్టూలు తుడిచి వేశాడు. ఇంకా నూరని అద్దం ఒకటి తెచ్చి చూపించాడు. దాని అంచున ఎదురెదురుగా రెండు చిన్న గీతలున్నాయి. పోలరైజ్డ్ పొర ఎటు ఉందో ఆ గీతలు చెబుతాయి. సిలిండర్ ఉన్న అద్దానికి పవర్ ఒక కోణంలోనే కూర్చోవాలి. పొర లేని మామూలు అద్దాన్ని ఎటు తిప్పి నూరినా, ఫ్రేములో పెట్టేటప్పుడు సరిచేసుకోవచ్చు; పొర ఉన్నదాన్ని అలా తిప్పితే పొర కూడా పక్కకు తిరిగిపోతుంది. రోజూ అవే నూరే చెయ్యి దీన్నీ అలాగే తిప్పేసింది. నా ఎడమ కంటికి సిలిండర్ లేదు కాబట్టి ఎలా పెట్టినా నష్టం లేదు, గీతల ప్రకారమే పెట్టాడు. "చెయ్యి పోయిన దారిన పోయినా సార్. కన్ను పెట్టి చూడలా" అన్నాడు. నిన్న నా చెయ్యి కూడా అదే పని చేసింది.

కొత్త అద్దం నూరి, పాలిష్ పట్టి, కోసి, ఫ్రేములో బిగించేసరికి రెండున్నర. పైసా తీసుకోలేదు. కస్తూరి అంతసేపూ పక్కనే నిలబడి, "గీత చూడు, గీత చూడు" అంటూనే ఉంది. చివరికి శేఖర్, "అక్కా, నువ్వు ఇంటికి పోతే నా కన్ను తెరుచుకుంటాది" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బయటికి వచ్చాక ఆగి ఉన్న కారు బానెట్ మీది మెరుపును ఒక్కో కంటితో చూశాను. రెండు కళ్ళకూ ఒకేలా పోయింది. తల తిన్నగానే ఉంది.

గదికి వెళ్ళకుండా సముద్రం ఒడ్డుకు నడిచాను. గోడ కింద నల్ల రాళ్ళు, వాటి మధ్య నీళ్ళు. రెండు కళ్ళూ తెరిచి చూశాను. నీటి అడుగున పాచి, గవ్వలు, ఒక పీత అడ్డంగా పరిగెత్తడం కనిపించాయి. ఇన్నేళ్ళూ హైమ చూసింది ఇదన్నమాట. నేను పక్కనే కూర్చుని కూడా చూడలేదు. ఆమె ఒకసారి "ఎంత బాగుందో" అంటే, ఏమిటి అని అడిగాను. "నీళ్ళు" అంది. సరే అనుకున్నాను.

కర్రలు ఎవరికీ ఇవ్వడం లేదు. కళ్ళజోడు ఒక్కటే అన్నీ చేసిపెట్టదని గురువారం తెలిసింది. చూడడం ఒకటి, లాగడం ఒకటి. రెండూ ఒకే మనిషి చేయాలంటే కొంచెం సాధన కావాలి. ఎతిరాజులు ఆరేళ్ళుగా గొళ్ళెం తీస్తున్నాడు. నాకింకా ఎనిమిది నెలలే. ఆయనకు ఇప్పుడే ఫోన్ చేసి, రేపు పొద్దున్నే రమ్మని, బెండు మునిగితే మాత్రం చెప్పొద్దన్నాను. "చెప్పకపోతే నాకు తలకాయ యాడనుంచి వస్తాది సార్?" అన్నాడు. తల మీకే అన్నాను.

ఇలాంటి కళ్ళజోడు చేయించుకునేవారికి ఒకటే సలహా. గోడ మీది అక్షరాలు చదివి డబ్బులిచ్చి వచ్చేయకండి. దుకాణం బయటికి వచ్చి, కారు అద్దమో నీళ్ళ తొట్టో ఏదైనా మెరిసేదాన్ని, తల తిన్నగా పెట్టి, ఒక్కో కన్నూ మూసి చూడండి. రెండు కళ్ళకూ మెరుపు ఒకేలా తగ్గకపోతే అక్కడే తిరిగి ఇచ్చేయండి. సిలిండర్ ఉన్నవారు ఇది అసలు మరవకూడదు.

ఈ రాత్రి బస్సు టిక్కెట్టును రేపు రాత్రికి మార్చుకున్నాను. రేపు ఉదయం ఐదున్నరకు ఆటో వస్తుంది. ఆరుకల్లా రాళ్ళకట్ట మీద ఉంటాను. మామూలు కళ్ళజోడుతో రొయ్య గుచ్చి, ఎండ నీళ్ళ మీదకు రాగానే కొత్తది పెట్టుకుంటాను. బెండు మునిగితే, ఎవరూ చెప్పకుండానే లాగుతాను.